వేసవి కరెంటు బిల్లు: కృష్ణా దిగువ డెల్టాలో పేదింటికి సర్కారు సాయం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో పేద కుటుంబానికి వచ్చే కరెంటు బిల్లు ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పెరుగుతుంది. ఆదాయం సరిగ్గా ఆ నెలల్లోనే పడిపోతుంది. వరి మాసూళ్లు ఎప్పుడో అయిపోయి, మినుము కూడా ఇంటికి చేరి, కాలువలు కట్టేశాక పొలంలో కూలిపని దొరకదు. ఏప్రిల్ 15 నుంచి సముద్రంలో వేట నిషేధం మొదలవుతుంది గనుక గిలకలదిండి, నాగాయలంక, కోడూరు వైపు మర పడవలు ఒడ్డున ఉండిపోతాయి. ఈ ఇబ్బందిని తీర్చడానికి వేసవి పేరుతో ప్రత్యేకంగా పెట్టిన పథకం ఈ ప్రాంతంలో ఎన్నడూ లేదు. సాయం వచ్చింది, కానీ వేరే దారుల్లో వచ్చింది: ఒంటి బల్బు కనెక్షన్‌గా, తక్కువ స్లాబు రేటుగా, కులాన్నో వృత్తినో బట్టి ఇచ్చిన మినహాయింపుగా. దీపానికి ఎంత కరెంటు కావాలన్న లెక్కతోనే ఆ సాయమంతా పుట్టింది. ఫ్యాను ఆ లెక్కలోకి చాలా ఆలస్యంగా వచ్చింది.

కరెంటు రాకముందు ఎండను ఇల్లే కాచుకునేది. డెల్టాలో కూలివాళ్ల ఇల్లంటే మట్టిగోడలు, తాటాకు కప్పు, నడుం వంచితేగాని లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. పేడతో అలికిన నేల మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. పొద్దుగూకాక సముద్రం మీది నుంచి గాలి మళ్లితే నులక మంచాలు వాకిట్లోకి వచ్చేవి. బందరులో ఉన్నవాళ్ల ఇళ్లలో వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. కచేరీల్లో, దొరల బంగళాల్లో పంకా లాగడానికి మనిషిని పెట్టేవారు. పేదవాడికి డబ్బు పెట్టి కొనుక్కోవలసింది వెలుతురు ఒక్కటే. దానికి కిరసనాయిలు బుడ్డి ఉండేది. రేషను దుకాణంలో తక్కువ ధరకు పోసిన కిరసనాయిలే ఇంటి వెలుగుకు ప్రభుత్వం చాలాకాలం చేసిన సాయం.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలయ్యాక కోస్తా జిల్లాలకు కరెంటు దండిగా అందే వీలు కలిగింది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. దేశంలో పల్లెలకు కరెంటు చేర్చిన కథలో ఈ జిల్లావాళ్ల పాత్ర పెద్దది. కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ చూస్తున్న కాలంలోనే, 1969లో, గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. గుడివాడ దగ్గరి కవుతరానికి చెందిన నార్ల తాతారావు 1974 నుంచి 1988 దాకా విద్యుత్ బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నారు. ఇబ్రహీంపట్నంలో విజయవాడ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్లు 1979, 1980 సంవత్సరాల్లో ఆయన హయాంలోనే పనిలోకి వచ్చాయి. ఆ కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

అయితే ఊరికి కరెంటు వచ్చిందంటే వాడకు వచ్చినట్టు కాదు. రెవెన్యూ గ్రామ సరిహద్దులో ఎక్కడో ఒకచోట, ఏ పనికైనా సరే, కరెంటు వాడితే చాలు, ఆ గ్రామం విద్యుదీకరణ జరిగిన జాబితాలో చేరిపోయేది. ఒక రైసుమిల్లుకో మోటారుకో లైను పడితే సర్కారు కాగితాల్లో ఊరంతా వెలిగినట్టే. 2004లో ఈ నిర్వచనం మారింది. దళితవాడ ఉన్నచోట అక్కడికి కూడా లైను పోవాలని, బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్ల కరెంటు ఉండాలని, ఇళ్లలో కనీసం 10 శాతానికి కనెక్షన్లు ఉండాలని షరతులు పెట్టారు. నూటికి పది ఇళ్లు వెలిగితే చాలన్నది కూడా చిన్న కొలతే. అంతకుముందు అదీ లేదు.

దివిసీమలో ఇంటికీ కరెంటుకూ ఉన్న సంబంధాన్ని తలకిందులు చేసింది 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. సముద్రం కోడూరు, నాగాయలంక ప్రాంతాల మీదికి వచ్చి ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయింది. దాదాపు పది వేల మంది చనిపోయారు. తాటాకు ఇల్లన్నది మిగల్లేదు. ఆ తర్వాత ప్రభుత్వమూ, రామకృష్ణ మిషన్ మొదలుకొని ఎన్నో స్వచ్ఛంద సంస్థలూ గాలికీ నీటికీ తట్టుకునే పక్కా ఇళ్లు కట్టించాయి. 1980లలోనూ, 2000 తర్వాతా వచ్చిన గృహ నిర్మాణ పథకాలు అదే దారిలో నడిచాయి. తుపానుకు భయపడ్డ ప్రాంతంలో శ్లాబు ఇల్లు ప్రాణం కాపాడే ఇల్లు. అందులో సందేహం లేదు. కానీ తక్కువ ఎత్తులో, ఒకటి రెండు గదులతో, చుట్టూ చెట్టూచేమా లేని కాలనీలో కట్టిన శ్లాబు పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని లోపలికి వదులుతుంది. సిమెంటు రేకుల ఇల్లు అంతకంటే తొందరగా కాగుతుంది. చూరు కింద దొరికిన చల్లదనం పోయింది. దానికి బదులుగా ఫ్యాను కావలసి వచ్చింది. ఇల్లు కట్టించిన లెక్కలో ఈ ఫ్యాను ఖర్చు ఎక్కడా లేదు. ఈ ప్రాంతంలో వేసవి బిల్లు సమస్యకు ముఖ్యమైన మూలాల్లో ఇదొకటి.

పేదల ఇళ్లకు కనెక్షన్ ఇవ్వడం కోసమే కేంద్రం 1988-89లో కుటీర జ్యోతి పథకం తెచ్చింది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు, ముఖ్యంగా షెడ్యూల్డు కులాలు, తెగల ఇళ్లకు, ఒకే ఒక దీపానికి సరిపడా కనెక్షన్ ఇచ్చేవారు. స్తంభం మీది నుంచి ఒక వైరు, గోడకు చెక్కముక్క మీద ఒక స్విచ్చి, దూలానికి వేలాడే హోల్డరు, అందులో ఒక బల్బు. అంతే. ప్లగ్గు ఉండేది కాదు. 40 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు అయ్యేది 6 యూనిట్లు. ఆ రోజుల్లో బుడ్డి పొగ నుంచి బయటపడ్డ ఇంటికి ఇది చిన్న విషయం కాదు, పిల్లల చదువుకు అది చేసిన మేలు నిజమైనదే. కుటీర జ్యోతి 2005లో మొదలైన రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజనలో కలిసిపోయింది. 2017లో వచ్చిన సౌభాగ్య పథకం మిగిలిన ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే పనిని చేపట్టింది. ఇవన్నీ కనెక్షన్ ఖర్చును మోశాయి. నెలనెలా వచ్చే బిల్లు కుటుంబానికే మిగిలింది.

రాష్ట్రంలో కరెంటు మీద పెద్ద సబ్సిడీ మొదలైంది పొలం మోటార్లతో. 1983లో గుడివాడ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున స్లాబు రేటు అమలు చేసింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం చేసిన రోజే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. బోర్ల మీద బతికే రాయలసీమకు, తెలంగాణకు ఇవి ఊపిరి పోశాయి. దిగువ డెల్టా సంగతి వేరు. 1855లో పూర్తయిన ఆనకట్ట నుంచీ, 1957లో దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ నుంచీ ఇక్కడి పొలాలకు నీరు కాలువల్లో పల్లానికి పారుతుంది. సముద్రానికి దగ్గరైన కొద్దీ భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. అందువల్ల మోటారు సబ్సిడీలో డెల్టా వాటా తక్కువ. అందులోనూ భూమి లేని కూలి కుటుంబానికి దక్కిందేమీ లేదు. ముఖ్యమంత్రిని ఇచ్చిన గుడివాడ పక్కన కాలనీలో ఉండే కూలికి తన ఇంటి బిల్లే అసలు విషయం. అది రాజకీయంగా పెద్ద చర్చగా మారడానికి 2000 దాకా పట్టింది.

1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టంతో 1999 ఫిబ్రవరిలో బోర్డు రెండు సంస్థలుగా విడిపోయింది. ఛార్జీలు నిర్ణయించే పని అదే ఏడాది ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలికి పోయింది. 2000లో పంపిణీ సంస్థలు ఏర్పడ్డప్పుడు కృష్ణా జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత సంస్థ కిందికి వెళ్లింది. ఆ ఏడాది ఛార్జీల పెంపు మీద వామపక్షాలు, కాంగ్రెస్ కలిసి నడిపిన ఆందోళన రాష్ట్రమంతా పాకింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ కింది స్లాబును తాకడానికి తేలిగ్గా సాహసించలేదు. నెలకు 50 యూనిట్ల లోపు వాడే ఇంటికి యూనిట్ 1.45 రూపాయల రేటు రెండు దశాబ్దాలు దాదాపు అలాగే నిలిచిపోయింది. ఇది ఏ పథకం పేరూ లేని సాయం. అయినా ఇక్కడి పేదలకు అన్నిటికంటే ఎక్కువ కాలం అందిన సాయం ఇదే.

2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం, ఎవరికైనా తక్కువ రేటుకు కరెంటు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే ఆ తేడాను పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లించాలి. 2005 జాతీయ విద్యుత్ విధానం నెలకు సుమారు 30 యూనిట్లు వాడే నిరుపేదలకు ప్రత్యేక రేటు ఉండవచ్చని చెప్పింది. ఈ 30 అన్న అంకె దగ్గర కాస్త ఆగాలి. పాతకాలం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. అంటే ఒక ఫ్యాను, ఒక బల్బు పెట్టుకుంటేనే 30 దాటిపోతుంది. రోహిణి కార్తెలో, గాలి ఆడని ఉక్కలో, పసిపిల్లో ముసలివాళ్లో ఉన్న ఇంట్లో రెండు ఫ్యాన్లు రోజుకు 18 గంటలు తిరిగితే 81 యూనిట్లవుతాయి. దానికి టీవీ, చిన్న ఫ్రిజ్ కలిస్తే 120 దగ్గరికి చేరడం కష్టమేమీ కాదు. చలికాలంలో 50, 60 యూనిట్లు వాడే ఇల్లే మే నెలలో ఇంత వాడుతుంది. కుటుంబమేమీ ధనవంతమైపోలేదు, ఎండ ముదిరింది.

స్లాబుల విధానం ఈ తేడాను ఎలా పట్టించుకుందన్నది ఏ ఏడాది ఏ పద్ధతి ఉందన్నదాన్ని బట్టి మారింది. 2016-17 నుంచి ఇళ్లను ఏడాది మొత్తం వాడకాన్ని బట్టి విడదీశారు. ఏడాదికి 900 యూనిట్ల లోపు వాడినవారు మొదటి తరగతి. ముందటి ఏడాది వాడకమే కొలత కాబట్టి మే నెలలో పెరిగినది చలికాలంలో తగ్గినదానితో సర్దుకునేది. వేసవి కోసమని చేసిన ఏర్పాటు కాకపోయినా వేసవిలో పేదింటిని కాచింది. 2020-21లో ఈ పద్ధతి పోయి ఏ నెల వాడకం ఆ నెలకే కొలత అయింది. 75 యూనిట్లు దాటిన నెలలో ఇల్లు పై తరగతిలోకి పోతుంది, మొదటి యూనిట్ నుంచీ రేటు మారుతుంది. 75 యూనిట్లు వాడితే మొదటి 50కి 1.45 చొప్పున, మిగతా 25కి 2.60 చొప్పున 137.50 రూపాయలు. 76 వాడితే మొత్తానికీ 2.60 చొప్పున 197.60. ఒక్క యూనిట్‌కు 60 రూపాయల 10 పైసలు పడ్డాయన్నమాట. ఇది అమల్లోకి వచ్చిన వేసవే కోవిడ్ లాక్‌డౌన్ వేసవి. స్పాట్ బిల్లింగ్ ఆగిపోయి, మనుషులంతా ఇళ్లలోనే ఉండి, మే నెలలో రీడింగు తీసినప్పుడు వచ్చిన బిల్లులు చూసి జనం కరెంటాఫీసుల ముందు నిలబడ్డారు.

2022 ఏప్రిల్ నుంచి తరగతులు ఎత్తేసి, అందరికీ ఒకే వరుస స్లాబులు పెట్టారు. మొదటి 30 యూనిట్లకు 1.90, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 76 నుంచి 125 దాకా 4.50. పై స్లాబులోకి పోయినా కింది యూనిట్ల రేటు మారదు, ఆ మేరకు ఇది న్యాయమైన మార్పు. కానీ అట్టడుగు రేటే 1.45 నుంచి 1.90కి పెరిగింది. ఈ లెక్కన 60 యూనిట్లకు 147 రూపాయలయితే 120 యూనిట్లకు 394.50. వాడకం రెట్టింపయితే బిల్లు రెండున్నర రెట్లు దాటుతుంది. స్థిర ఛార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీ దీనికి అదనం. సర్దుబాటు ఛార్జీ యూనిట్ల మీద పడేదే కాబట్టి వేసవిలో ఎక్కువగానే తగులుతుంది. జిల్లా అప్పటికే విజయవాడ కేంద్రంగా 2020లో పనిలోకి వచ్చిన మధ్య ప్రాంత పంపిణీ సంస్థ కింద ఉంది.

పూర్తి ఉచితం అన్నది 2013లో షెడ్యూల్డు కులాలు, తెగల ఉప ప్రణాళిక చట్టంతో పాటు వచ్చింది. నెలకు 50 యూనిట్ల లోపు వాడే ఎస్సీ, ఎస్టీ ఇళ్ల బిల్లును ప్రభుత్వం భరించింది. ఒక ఫ్యాను, ఒకటి రెండు బల్బుల ఇంటికి చలికాలంలో ఇది సరిపోయేది. మే నెలలో చాలేది కాదు. తర్వాత పరిమితి మెట్టుమెట్టుగా పెరిగి 2019లో 200 యూనిట్లకు చేరింది. ఈ పెంపుతోనే సాయం తొలిసారిగా దీపం కొలత దాటి ఫ్యాను కొలతకు వచ్చింది. 200 యూనిట్లలో రెండు ఫ్యాన్లతో వేసవి గడిచిపోతుంది. దళితవాడల్లో ఇది తెచ్చిన ఊరట పెద్దది. దివిసీమలో కాలువ గట్ల మీద, పోరంబోకు స్థలాల్లో పాకలు వేసుకున్న యానాది కుటుంబాల్లో మాత్రం కొందరికి ఇది అందలేదు. స్థలానికి కాగితం లేనిచోట మీటరు రాదు, మీటరు లేని ఇంటికి మాఫీ చేయడానికి బిల్లే ఉండదు.

వృత్తుల వారీగా ఇచ్చిన రాయితీలు ఇంకో దారి. రజకుల లాండ్రీలకు, నాయీ బ్రాహ్మణుల క్షౌరశాలలకు 150 యూనిట్ల దాకా, పేద స్వర్ణకారులకు 100 యూనిట్ల దాకా ఉచితం ఇచ్చారు. 2025లో చేనేత మగ్గాలకు 200 యూనిట్లు ఉచితమని ప్రకటించారు. పెడనలో మగ్గం గుంట ఉన్న గదే పడుకునే గది కూడా కాబట్టి అక్కడ ఇది ఇంటి సాయమే అవుతుంది. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివాళ్లు ఇళ్లలోనే పొయ్యి పక్కన కూర్చుని రాళ్లు అతుకుతారు. వేసవిలో వాళ్లకు ఫ్యాను సౌకర్యం కోసం కాదు, పని సాగడానికి కావాలి. వెనుకబడిన కులాలకు చెందిన మత్స్యకార కుటుంబాలు 2013 నాటి ఎస్సీ, ఎస్టీ మినహాయింపులో లేవు. వాళ్లకు వేసవిలో అందింది వేట విరామ భృతి. తూర్పు తీరంలో నిషేధం మొదట 47 రోజులు, 2015 నుంచి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజులు. ఆ కాలానికి ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలయింది, 2025లో 20,000కు పెరిగింది. కరెంటు పేరు అందులో ఎక్కడా లేదు. అయినా వేసవి నెలలకే, వేసవిలో ఆదాయం పోయినందుకే, రొక్కంగా చేతికి వచ్చేది ఇదొక్కటే. నిజానికి వేసవి సాయం అంటే ఎలా ఉండాలో దీని స్వరూపం చెబుతుంది.

సాయానికి కొలతగా ఉన్న మీటరే అనర్హతకు కొలత కూడా అయింది. 2019 తర్వాత బియ్యం కార్డుకు, పింఛనుకు, ఇతర పథకాలకు పెట్టిన అర్హతల్లో నెలకు 300 యూనిట్ల లోపు వాడకం ఒకటి. ఒకే మీటరు కింద తల్లిదండ్రులు, ఇద్దరు పెళ్లయిన కొడుకులు కాపురముంటే వాడకమంతా ఒకే సర్వీసు నంబరు మీద పడుతుంది. ఇలాంటి ఇళ్లలో ముసలివాళ్ల పింఛను పోతుందేమోనన్న భయంతో మే నెలలో ఫ్యాను ఆపుకోవలసిన పరిస్థితి రావడం అన్యాయం. కుటుంబానికి ఒక కొలత, మీటరుకు ఒక కొలత ఉండాలి.

కాలాన్ని బట్టి పేదింటి ఇంధన ఖర్చు పెరుగుతుందన్న సంగతిని చలిదేశాల్లో ముందే గుర్తించారు. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల ఇంధన ఖర్చుకు సాయం చేసే సమాఖ్య చట్టం 1981లో వచ్చింది. ప్రధానంగా చలికాలపు వేడి కోసమే అయినా అందులో వేసవి చల్లదనానికీ చోటుంది. బ్రిటన్‌లో వృద్ధులకు చలికాలపు ఇంధన భత్యం 1997 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎండే ప్రాణాలు తీస్తుంది. 2015 వేసవిలో వడదెబ్బతో రాష్ట్రంలో 1,300 మందికి పైగా చనిపోయినట్టు ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ తర్వాత తయారైన వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికల్లో చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పనివేళల మార్పు వంటివి ముఖ్యం. ఇంట్లో ఫ్యాను తిరగడానికి అయ్యే ఖర్చు సంగతి విద్యుత్ శాఖకే మిగిలింది. పొరుగున తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్లకార్డున్న ఇళ్లకు, కులంతో పని లేకుండా, 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు ఇస్తున్నారు.

వాడకాన్నే తగ్గించే ప్రయత్నాలు కూడా జరిగాయి. 2014 చివర్లో రాష్ట్రంలో ఇంటికి రెండు ఎల్ఈడీ బల్బులు పది రూపాయల చొప్పున పంచడం మొదలై తర్వాత జిల్లాలన్నిటికీ విస్తరించింది. దీపం ఖర్చు దాదాపు లేనంతగా తగ్గింది. తక్కువ కరెంటు తీసుకునే 30 వాట్ల ఫ్యాన్లు రెండు పెడితే ఇందాకటి 81 యూనిట్లు సుమారు 32కు దిగుతాయి. కానీ దాని ధర మామూలు ఫ్యాను కంటే ఎక్కువ కావడంతో పేదిళ్లలో అది ఇంకా అరుదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చాక, రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల సౌరఫలకాలు ఉచితంగా పెట్టిస్తామని, బీసీలకు కేంద్ర రాయితీకి తోడు అదనంగా 20,000 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. ఎండ ముదిరిన నెలల్లోనే ఫలకాల ఉత్పత్తీ బాగుంటుంది. పగలు గ్రిడ్డుకు పోయిన యూనిట్లు రాత్రి వాడకంలో తీసేస్తారు. ఉప్పెన తర్వాత కట్టిన శ్లాబు ఇళ్లకు ఇది సరిపోతుంది. రేకుల ఇళ్లకు, అద్దె ఇళ్లకు, గట్టు మీది పాకలకు ఫలకాలు బిగించడం కష్టం గనుక ఆ కుటుంబాలు స్లాబు రేటు మీదే ఆధారపడి ఉన్నాయి.